మూత తీయకముందు తూచినవాడు

సున్నపుబట్టీని కన్నులార చూచిన పెద్దలు మీలో పెక్కురు కలరు. బట్టీలో పేర్చిన రాయి నూరు మణుగులైనచో, కాలిన పిదప దిగిన సున్నము సగమునకు కొంచెము మిక్కిలి మాత్రమే. తక్కిన బరువేమయ్యెను? అగ్నిహోత్రుడు భక్షించెనందుమా? ఇటువంటి ప్రశ్నకు ఉత్తరము కనుగొనుటకై పాశ్చాత్య పండితులు నూఱేండ్లకు పైగా శ్రమించిరి. నేడు మీకు ఆ కథ మనవి చేసెదను.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. బడిపంతులుగా చేరిన తొలిదినములలో, పరమాణువును గుఱించి కణాదమహర్షి చెప్పనిది లేదనియు, లేనిది పుట్టదను మాట సాంఖ్యులు ఏనాడో చెప్పిరనియు నేను గర్వముతో బోధించుచుంటిని. ఒకనాడొక బాలుడు లేచి, “అయ్యవారూ, కణాదులవారు తూచి చూచినారా అండీ?” అని అడిగెను. నాకు మాట తోచలేదు. కూర్చుండుమంటిని. బాలుడు కూర్చుండెను గాని, ప్రశ్న నాలో నిలిచియే యుండెను.

పదునెనిమిదవ శతాబ్దమున యూరపులోని రసాయనజ్ఞులు అనేకులు, మండెడి ప్రతి వస్తువునందును ‘ఫ్లోజిస్టను’ అను దాహకతత్త్వము కలదనియు, మంటలో నది వెడలిపోవుననియు నమ్ముచుండిరి. కట్టె కాలి తేలికయైన బూడిదగుటకు ఈ మాట సరిపోవును. కాని మన వైద్యులు వంగమనెడి తగరమును గాలిలో కాల్చినచో, భస్మము లోహముకంటె బరువెక్కును. ఒకటి పోయినపుడు మిగిలినది బరువెట్లు పెరుగును? ఇంగ్లండులో రాబర్టు బాయిల్ ఈ ప్రయోగమును మూసిన గాజుపాత్రలో చేసి, మూత తెఱచిన పిదప తూచి, అగ్నికణములు గాజును దూరి లోహమును చేరినవని 1673లో ప్రకటించెను.

పారిసు నగరమున 1743లో జన్మించిన లావోయిజరు, ఫ్రాన్సు రాజుగారి పన్నులు వసూలుచేయు ఇజారాదారుల సంఘమున 1768లో చేరెను. ఆ రాబడితోనే ప్రయోగశాలను నడపెను. జమాఖర్చు సరిచూచువానివలె త్రాసును పట్టెను. 1774లో తగరమును గాజుపాత్రలో నుంచి, మూతి మూసి, తూచి, కాల్చెను. చల్లారిన పిదప మూతి విప్పకయే మరల తూచెను. తూకము మారలేదు. అగ్ని ఏమియు చేర్చలేదు, ఏమియు హరింపలేదు. పిమ్మట మూతి తెఱవగా వెలుపలి గాలి బుస్సున లోనికి చొచ్చెను. లోపలి గాలిలో ఒక భాగము లోహముతో కూడుటవలననే ఆ చోటు ఖాళీయయ్యెను. లోహమునకు పెరిగిన బరువు దానిదే. బాయిలుగారికిని ఇతనికిని భేదమొక్కటే: ఇతడు మూత తీయకముందు తూచెను.

ప్రతి క్రియయందును ముందెంత పదార్థము కలదో తరువాతను అంతయే యుండునని లావోయిజరు 1789 నాటి తన గ్రంథమున స్థాపించెను. అయిదేండ్లకు, 1794 మే 8వ తేదీన, విప్లవ ప్రభుత్వము తోడి ఇజారాదారులతో పాటు అతనికిని శిరచ్ఛేదము చేయించెను. ఏ వృత్తి ప్రయోగములకు ధనమిచ్చెనో, ఆ వృత్తియే ప్రాణము తీసెను.

పిదప ఈ లెక్క పరమాణువులదాక పోయినది. పండ్రెండేండ్ల ప్రాయముననే ఇంగ్లండులో పల్లెబడి నడపిన జాన్ డాల్టను, ప్రతి మూలధాతువు పరమాణువునకును నియతమైన బరువు కలదనియు, అవి కూడుటయు విడుటయే గాని పుట్టుట గిట్టుట లేదనియు 1808 నాటి గ్రంథమున చెప్పెను. నీటిలోని పరమాణువుల సంఖ్యను ఆయనయే పొరబడెను. ఉదజని 2, ప్రాణవాయువు 1 అను లెక్క స్థిరపడుటకు ఇంకను అర్ధశతాబ్దము పట్టెను.

ఇక మన సున్నపురాతికి వత్తము. శుద్ధమైన రాతియందు, కాల్షియమనెడి ఖటికము 1, బొగ్గుధాతువు 1, ప్రాణవాయువు 3 చొప్పున పరమాణువులుండును. ఒక్కొక్కదాని బరువు వరుసగా 40, 12, 16. ప్రాణవాయువు మూడింటికి 48, మొత్తము 100. బట్టీలో ఖటికము ఒక ప్రాణవాయువుతో నిలిచి 56 పాళ్ళ సున్నమగును. బొగ్గుధాతువు తక్కిన రెండింటితో కూడి 44 పాళ్ళ బొగ్గుపులుసు గాలియై లేచిపోవును. ముందు 5 పరమాణువులు; తరువాత 2ను 3ను కలిసి 5. రాతిలో ఇట్టి గాలి బందీయైయున్నదని స్కాట్లండున జోసెఫ్ బ్లాక్ 1756లోనే చూపియుండెను. సున్నమును నీట విరియించి గోడకు పూసినపుడు, అది ఆకాశమునుండి ఆ గాలినే గ్రహించి మరల రాయివలె గట్టిపడును. పోయినదనుకొన్నది గోడమీదికి తిరిగివచ్చును!

పదార్థమునకును శక్తికిని గల సంబంధమును ఐన్‌స్టైన్ 1905లో చూపెను. అయినను పొయ్యిలోను బట్టీలోను కలుగు భేదము త్రాసునకందనంత స్వల్పము.

ఆ బాలునకు ఇప్పుడు ఉత్తరము చెప్పగలను. నాయనా, మన వైశేషికులు గురుత్వమనెడి గుణమును గుర్తించిరి గాని, ఏ పరమాణువు ఎంత బరువో తూకమున నిర్ణయింపలేదు. వారి ఊహ గొప్పది. వీరి తూకమును గొప్పదే. రెండును ఒకటేయని చెప్పి నిన్ను కూర్చుండబెట్టుట నా దోషము.

ఆర్యులారా, మీ మనుమలు ఇట్టి ప్రశ్న వేసినపుడు కూర్చుండుమనకుడు. త్రాసు తెచ్చి యిండు.

సెలవు.