నీటిలో, ధాన్యంలో కలుపు మందు అవశేషాలు: పరీక్ష ఎలా జరుగుతుంది?

సువర్ణరేఖ, ఖర్కాయీ నదుల సంగమం వద్ద వెలసిన ఉక్కు నగరం జంషెడ్‌పూర్. ఉపాధి కోసం తరలివెళ్లిన అనేక తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. నగరం చుట్టూ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో వరి ప్రధాన పంట. వరిచేలలో సాధారణంగా వాడే బ్యుటాక్లోర్, 2,4-డి వంటి కలుపు మందులు వాననీటితో కలిసి వాగులకూ, కొంత మేరకు భూగర్భ జలాలకూ చేరగలవు. అంత స్వల్ప మోతాదులో ఉన్నప్పుడు రంగు, రుచి వాటిని పట్టివ్వవు. మరిగించినా గ్లైఫోసేట్ వంటివి పోవు.

ఫలితం తారుమారయ్యేది తరచు ప్రయోగశాలలో కాదు, సీసా నింపే చోట. కుళాయి నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్ గ్లైఫోసేట్‌ను విచ్ఛిన్నం చేస్తుంది. అందుకే నమూనా తీసిన వెంటనే సోడియం థయోసల్ఫేట్ కలిపి, వెలుతురు తగలకుండా చల్లగా ఉంచాలి. ఆ పని చేయకపోతే, ఉన్న మందు కూడా నివేదికలో లేనట్లే కనిపిస్తుంది.

బియ్యం, కూరగాయల పరీక్షకు 2003లో వెలువడిన ‘క్వెచర్స్’ పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. పొడి చేసిన నమూనాను అసిటోనైట్రైల్‌తో కుదిపి, లవణాలతో ద్రావణాన్ని వేరుచేసి, శుద్ధిచేసిన సారాన్ని క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రాలకు అందిస్తారు. ఒకే విడతలో వందలాది రసాయనాలను వెదకవచ్చు. గ్లైఫోసేట్ మాత్రం ఈ వలకు చిక్కదు. నీటిలో బాగా కరిగే ఈ మందు అసిటోనైట్రైల్‌లోకి రాదు గనుక దానికి ప్రత్యేక పరీక్ష జరపాలి. అది విచ్ఛిన్నమైతే ఏర్పడే ఆంపాను కూడా కొలవాలి. అయితే కొన్ని డిటర్జెంట్ల నుంచి కూడా ఆంపా పుడుతుంది కాబట్టి, అది కనబడినంత మాత్రాన పొలాన్ని తప్పుపట్టలేం.

నివేదికలో ‘కనుగొనబడలేదు’ అన్న మాటకు ‘అసలు లేదు’ అని అర్థం కాదు. యంత్రం గుర్తించగల కనీస పరిమాణం కంటే తక్కువగా ఉందని మాత్రమే. ఆ పరిమితి ఎంతో, ఏ మందుల కోసం వెదికారో నివేదికలో చూడాలి.

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం లీటరు నీటిలో అట్రాజిన్ 2, ఐసోప్రోట్యూరాన్ 9, 2,4-డి 30, బ్యుటాక్లోర్ 125 మైక్రోగ్రాములకు మించరాదు. ఐరోపా సమాఖ్య దాదాపు ఏ పురుగుమందుకైనా 0.1 మైక్రోగ్రామునే హద్దుగా పెట్టింది. గ్లైఫోసేట్ వాడకాన్ని చీడ నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేస్తూ 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు జారీ చేసింది. 2012 ప్రమాణంలోని పురుగుమందుల పట్టికలో మాత్రం దాని పేరు లేదు.