వయస్సు మీరిన విద్యార్థులు - బ్రిటన్ గ్రాంటుల చరిత్ర

చదువుకు వయస్సు అడ్డం కాదని మన సభలలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెప్పడం, మనమంతా తలలూపడం మామూలే. కాని ముప్ఫయ్యేళ్లు దాటిన మనిషి నిజంగానే కాలేజీలో చేరతానంటే, ఇంటి అద్దె ఎవరు కట్టాలి, పిల్లలకు అన్నం ఎవరు పెట్టాలి అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవారు తక్కువ. ఒక ప్రభుత్వం కొంతకాలం ఈ ప్రశ్నకు డబ్బు రూపంలోనే జవాబు చెప్పింది. ఆ తర్వాత అదే డబ్బును విడతలు విడతలుగా వెనక్కు తీసుకున్నది. ఆ దేశం బ్రిటన్. మన సభ్యుల కుటుంబాలలో కొందరికి అక్కడ బంధువులున్నారు. మన హైదరాబాదులోని సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆ దేశంతో ఒక లంకె ఉన్నది. అందుచేత ఈ సంచికలో ఆ చరిత్రను కొంత వివరంగా చెప్పుకుందాం.

అక్కడ 21 ఏళ్లు నిండిన తర్వాత మొదటిసారి డిగ్రీలో చేరేవారిని మెచ్యూర్ స్టూడెంట్లంటారు. 21 అంటే మనకు నవ్వు వస్తుంది. మనవాళ్లలో ఆ వయస్సుకు ఇంటర్ పాసు కానివారు ఎంతమంది లేరు! అయితే ఆ పేరు కిందనే నలభై ఏళ్ల తల్లీ వస్తుంది, ఫ్యాక్టరీ మూతపడి వీధిన పడ్డ కార్మికుడూ వస్తాడు, ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ నర్సు కావాలని కలలుగనే ఆమె కూడా వస్తుంది. మనం మాట్లాడుకునేది ఎక్కువగా వీరిని గురించే.

ఇలాంటివారికి చదువు చెప్పే ప్రయత్నం మొదట చేసింది ప్రభుత్వం కాదు. 1823లో డాక్టర్ జార్జ్ బర్క్‌బెక్, ఆయన మిత్రులు కలిసి లండన్‌లో పనివారి కోసం ఒక విద్యాసంస్థ పెట్టారు. పగలు పని, సాయంత్రం పాఠం. అదే కాలక్రమంలో బర్క్‌బెక్ కాలేజీ అయింది. 1899లో ఆక్స్‌ఫర్డులో కార్మికుల కోసం రస్కిన్ కాలేజీ, 1903లో శ్రామిక విద్యా సంఘం వచ్చాయి. చందాలు, యూనియన్ల సాయం, ఉపాధ్యాయుల ఓపిక, వీటి మీదనే ఈ సంస్థలు చాలాకాలం నడిచాయి. మన సంఘాలు నడిచే పద్ధతి తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ప్రభుత్వం గట్టిగా చెయ్యి వేసింది 1962లో. ఆ ఏడు వచ్చిన విద్యాచట్టం ప్రకారం, అర్హత ఉండి మొదటిసారి ఫుల్‌టైము డిగ్రీలో చేరినవారికి స్థానిక కౌన్సిలు ఫీజు కట్టి, జీవనానికి గ్రాంటు కూడా ఇవ్వవలసిందే. గ్రాంటు అంటే తిరిగి ఇవ్వనక్కరలేని డబ్బు. తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి అది తగ్గేది. అయితే కొన్నేళ్లు సొంత కాళ్ల మీద బతికినవారిని స్వతంత్రులుగా లెక్కించి, వారి తల్లిదండ్రుల ఆదాయం చూసేవారు కారు. భార్యాపిల్లలు ఉన్నవారికి అదనం. 26 ఏళ్లు దాటి, అంతకుముందు కొన్నేళ్లు సంపాదించినవారికి పెద్దవయస్సు అలవెన్సు అని మరికొంత. జీతం వదులుకొని వచ్చినవాడికి, బడి నుంచి నేరుగా వచ్చిన కుర్రవాడికి ఖర్చులు ఒకటి కావన్న ఇంగితం ఆ నిబంధనలలో ఉన్నది. దానిని మనం మెచ్చుకోవాలి.

లోపమూ ఉన్నది. పార్ట్‌టైము చదివేవారికి ఆ హక్కు లేదు. డిగ్రీ కాని అనేక కోర్సులకు ఇవ్వడమా మానడమా అన్నది కౌన్సిలు ఇష్టానికి వదిలేశారు. ఇష్టంతో ఇచ్చేది కష్టకాలంలో ముందుగా పోతుంది. 1980లలో కౌన్సిళ్ల మీద ఖర్చు తగ్గించమని ఒత్తిడి వచ్చినప్పుడు ముందుగా ఎండిపోయింది ఈ పాయే.

పార్ట్‌టైమువారికి దారి చూపినది ఓపెన్ యూనివర్సిటీ. 1963లో హెరాల్డ్ విల్సన్ ఈ ఆలోచన బయటపెట్టారు. ఆయన మంత్రివర్గంలోని జెన్నీ లీ అనే మహిళ పట్టువదలకుండా దానిని నిలబెట్టారు. ఆమె గని కార్మికుడి కుమార్తె. 1969లో చార్టరు వచ్చింది, 1971 జనవరిలో సుమారు 24 వేలమందితో చదువులు మొదలయ్యాయి. ప్రవేశానికి ఏ సర్టిఫికెట్టూ అడగలేదు. పాఠాలు పోస్టులో, రేడియోలో, టీవీలో. విద్యార్థి ఫీజు కట్టుకోవలసిందే, కాని అసలు ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం నేరుగా యూనివర్సిటీకి ఇచ్చేది గనుక ఫీజు అందుబాటులో ఉండేది.

మన లంకె ఇక్కడే. ఆ నమూనాను దృష్టిలో పెట్టుకొనే 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటిది. దాని మొదటి వైస్‌ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డిగారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఆయననే పిలిచి బాధ్యత అప్పగించారు. మన విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. పెళ్లి కారణంగా చదువు ఆగిపోయిన మన ఆడపిల్లలు, దుకాణంలో కూర్చొనే మన కుర్రవాళ్లు ఎందరో ఆ దారినే డిగ్రీ పట్టా పుచ్చుకున్నారు.

ఇక కోతల సంగతి. ఇక్కడ మనం గమనించవలసింది ఏమిటంటే, 'వయస్సు మీరినవారికి ఇక సాయం చెయ్యము' అని బ్రిటన్‌లో ఏ ప్రభుత్వమూ ఏనాడూ ప్రకటించలేదు. ఒక్కొక్క పద్దు కొట్టేస్తూ పోయారు, అంతే. ప్రతి కోతకూ ఒక మంచి మాట తోడుగా ఉండేది.

1990లో గ్రాంటును పెంచకుండా అక్కడే ఆపి, పక్కన అప్పు పెట్టారు. అదే ఏడు చాలామంది విద్యార్థులకు నిరుద్యోగ భృతి, ఇంటి అద్దె సాయం దక్కకుండా చేశారు. 18 ఏళ్లవాడు సెలవులకు అమ్మానాన్నల ఇంటికి పోతాడు. ముప్ఫయ్యేళ్లవాడు ఏ ఇంటికి పోతాడు? పైగా ఆ కొత్త అప్పు 50 ఏళ్లు నిండకముందు కోర్సులో చేరినవారికే. 1995లో కొత్తగా చేరేవారికి ఆ పెద్దవయస్సు అలవెన్సు కూడా రద్దయింది. అది కన్సర్వేటివ్ ప్రభుత్వం. లేబర్ ప్రభుత్వం వస్తే బాగుపడుతుందని ఆశపడ్డవారికి 1998 సమాధానం చెప్పింది. అంతకుముందు ఏడు డియరింగ్ కమిటీ ఫీజు పెట్టమని చెబుతూనే, పేదవారికి గ్రాంటు ఉంచమని సలహా ఇచ్చింది. ప్రభుత్వం ఫీజు మాటను పుచ్చుకొని గ్రాంటు మాటను వదిలేసింది. ఏడాదికి 1000 పౌన్ల దాకా ఫీజు వచ్చింది, మరుసటి ఏడు కొత్తవారికి గ్రాంటు పూర్తిగా పోయింది. 2004లో కొద్దిగా తిరిగి వచ్చింది, 2016లో ఇంగ్లండులో మళ్లీ పోయింది.

2007లో వచ్చిన కోత మాకు అన్నిటికంటె విచిత్రంగా కనిపిస్తుంది. ఒకసారి డిగ్రీ చేసినవారు అదే స్థాయిలో గాని, అంతకంటె కింద గాని మరో చదువు చదివితే యూనివర్సిటీకి ఇచ్చే సొమ్మును ఇంగ్లండులో చాలావరకు ఆపేశారు. మొత్తం ఏడాదికి 100 మిలియన్ పౌన్లు. మొదటిసారి చదివేవారికి ఆ డబ్బు ఇస్తామన్నారు. మాట న్యాయంగానే వినబడుతుంది. కాని ఇరవై ఏళ్ల కిందట చరిత్రలో డిగ్రీ తీసుకొని, పిల్లలను పెంచి, ఇప్పుడు కంప్యూటరు నేర్చుకొని ఉద్యోగం చెయ్యాలనుకునే స్త్రీ సంగతి ఏమిటి? ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ఓపెన్ యూనివర్సిటీకి, 1823 నాటి ఆ బర్క్‌బెక్ కాలేజీకి. 2008లో పార్లమెంటు కమిటీ తప్పుపట్టినా నిర్ణయం మారలేదు.

2012లో ఫుల్‌టైము ఫీజు 9000 పౌన్ల దాకా, పార్ట్‌టైము ఫీజు 6750 దాకా పెరగడానికి వీలిచ్చారు. పార్ట్‌టైమువారికి మొదటిసారిగా ఫీజు అప్పు కూడా ఇస్తున్నామని గొప్పగా చెప్పుకున్నారు. ఫలితం? 2010 నుంచి 2015 లోపల ఇంగ్లండులో పార్ట్‌టైముగా చేరేవారి సంఖ్య సగానికి పైగా పడిపోయింది. 18 ఏళ్లవారు మాత్రం ఫీజు పెరిగినా యూనివర్సిటీలకు వస్తూనే ఉన్నారు. 2013లో 24 ఏళ్లు దాటినవారు ఇంటర్ స్థాయి చదువులు చదివితే ఇచ్చే సాయాన్ని కూడా అప్పుగా మార్చారు. అప్రెంటిసులకు పెట్టిన ఆ అప్పు తీసుకునేవారే దొరకక, కొద్ది నెలలకే ఆ భాగాన్ని ఎత్తివేయవలసి వచ్చింది.

నర్సుల సంగతి మరీ చెప్పుకోదగ్గది. నర్సింగు చదివేవారికి ఫీజు లేదు, పైగా స్టైపెండు ఉండేది. 2017లో ఇంగ్లండులో కొత్తగా చేరేవారికి రెండూ తీసేసి అప్పు తెచ్చుకోమన్నారు. ఆ ఏడే దరఖాస్తు చేసినవారు దాదాపు నాలుగో వంతు తగ్గారు, అందులో పెద్దవయస్సువారు మరీ తగ్గారు. ఆస్పత్రులలో నర్సులు చాలక, 2020 నుంచి ఏడాదికి 5000 పౌన్లకు తక్కువ కాకుండా గ్రాంటు మళ్లీ ఇవ్వవలసి వచ్చింది. ఫీజు మాత్రం అప్పుగానే మిగిలిపోయింది.

అప్పు అంటే పెద్దవారు ఎందుకు వెనక్కు తగ్గుతారు? జీతం ఒక మోతాదు దాటితేనే వసూలు చేస్తారు, కొన్నేళ్లు గడిస్తే మాఫీ చేస్తారు గదా అని అక్కడి మంత్రులు విసుక్కునేవారు. లెక్క ప్రకారం నిజమే. కాని ఇంటి అప్పు, పిల్లల ఖర్చు నెత్తిమీద ఉన్నవాడు ఇంకో అప్పు కాగితం మీద సంతకం పెట్టడానికి జంకుతాడు. చదువు అయ్యాక సంపాదించే ఏళ్లు కూడా అతనికి తక్కువ. వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కి దిగిన అనుభవం ఉన్న ఏ ఇంటివారికైనా ఇది వివరించి చెప్పనక్కరలేదు.

అక్కడి ముస్లిములకు దీనిపైన ఇంకో బరువు. మొదట్లో ఆ అప్పు మీద వడ్డీ ధరల పెరుగుదలకు సమానంగా మాత్రమే ఉండేది. 2012 నుంచి చేరినవారికి ధరల పెరుగుదల మీద ఇంకా మూడు శాతం దాకా వేశారు. 2023 నుంచి కొత్తగా చేరినవారికి ఆ అదనం తీసేశారు గాని, వడ్డీ అన్నది వడ్డీగానే ఉన్నది. ఇది రిబా కిందికి వస్తుందా, లేక పన్ను వంటిదా అని అక్కడి ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చలో తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. కాని మనస్సు ఒప్పక చదువే మానుకున్నవారు, చుట్టాల దగ్గర చేబదుళ్లు తెచ్చి చదివినవారు, కొన్నేళ్లు పనిచేసి డబ్బు కూడబెట్టుకొన్న తర్వాత చేరినవారు ఉన్నారు. ఈ చివరివారిని చూడండి. గ్రాంటు లేకపోవడం వల్లనే వారు పెద్దవయస్సు విద్యార్థులయ్యారు!

ప్రభుత్వం ఈ కష్టాన్ని గుర్తించలేదని కూడా అనలేము. 2014లో ప్రజాభిప్రాయం అడిగితే సుమారు 20 వేల జవాబులు వచ్చాయి. తకాఫుల్ పద్ధతి, అనగా విద్యార్థులందరూ కలిసి ఒక నిధిగా ఏర్పడి, చదువు ముగించినవారు తిరిగి వేసిన సొమ్ముతో తర్వాతివారిని చదివించే పద్ధతి, మంచిదని ప్రభుత్వమే చెప్పింది. 2017లో చట్టంలో అధికారమూ పుచ్చుకున్నది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ఒక్క విద్యార్థికీ ఆ నిధి నుంచి ఒక్క పౌను అందలేదు. జీవితకాల విద్యాహక్కు అనే కొత్త పథకం అమలయ్యాక చూస్తామన్నారు. ఆ పథకమేమో 2025 అని మొదలై 2027 జనవరికి జరిగింది. అది కూడా 60 ఏళ్ల లోపువారికి ఇచ్చే అప్పే, గ్రాంటు కాదు.

ఇంగ్లండు పక్కనే ఉన్న వేల్సులో వేరే దారి పట్టారు. 2018లో పార్ట్‌టైము విద్యార్థులకు కూడా ఫుల్‌టైమువారితో సమానంగా, చదువు పాలును బట్టి, జీవన గ్రాంటు పెట్టారు. అక్కడ ఓపెన్ యూనివర్సిటీలో చేరేవారు వెంటనే బాగా పెరిగారు. పెద్దవారికి చదువు మీద ఆసక్తి తగ్గిపోయిందన్న వాదన ఇంతటితో తేలిపోతుంది.

మన దేశం సంగతి ఎత్తితే వ్యాసం పెరుగుతుంది. మైనారిటీ పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్టు 2022 డిసెంబరులో లోక్‌సభలో ప్రకటించారని మాత్రం గుర్తుచేస్తాము. అప్పుడు చెప్పిన కారణం, ఇతర పథకాలతో ఇది కలిసిపోతున్నదని. 2007లో ఇంగ్లండులో చెప్పిన మంచి మాట దీనికి దూరపు చుట్టమే.

ఇవన్నీ చదువుతుంటే మాకు మన సంఘం విద్యా సహాయ దరఖాస్తు ఫారం జ్ఞాపకం వచ్చింది. అందులో వయస్సు 25కు మించరాదన్న నిబంధన ఉన్నది. నిధి చిన్నది, అడిగే పిల్లలు ఎక్కువ, అందుకని పెద్దలు ఆ గీత గీశారు. ఇటీవల ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టదలచిన కొందరు అక్కచెల్లెళ్లు, వారిలో వితంతువులూ ఉన్నారు, ఫీజు సాయం అడిగి ఆ గీత దగ్గరే ఆగిపోయారు. ఓపెన్ యూనివర్సిటీ ఫీజు రెగ్యులర్ కాలేజీ ఫీజుల ముందు పెద్దది కాదు. ఈ నిబంధనను సడలించాలా, సడలిస్తే ఆ సాయం తిరిగి అడగని సాయంగా ఉండాలా లేక ఖర్జె హసన్‌గా ఉండాలా అన్న రెండు అంశాలు వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చబడినవి. హాజరు కాలేని సభ్యులు తమ అభిప్రాయాన్ని రాతమూలకంగా కార్యదర్శిగారికి ముందుగానే పంపగలరు. ఇంట్లోని స్త్రీల అభిప్రాయం కూడా కనుక్కొని రాయవలసిందిగా మనవి.