ఫిట్, అన్‌ఫిట్: మెరుగైన మనిషి కలకు క్రైస్తవ సమాధానం

కువైట్ నగరానికి దక్షిణాన, అహ్మదీ గవర్నరేట్ సముద్రతీరంలో ఉంది అబూ హలీఫా. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఆ చుట్టుపక్కల డ్రైవర్లుగా, ఇంటిపనివాళ్లుగా, నిర్మాణ కూలీలుగా బతుకుతున్నారు. వాళ్లలో ఎవరూ మెడికల్ దాటకుండా ఇక్కడ అడుగుపెట్టలేదు. రక్తం తీస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, క్షయ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఉన్నాయేమో చూస్తారు, ఆడవాళ్లకు గర్భపరీక్ష చేస్తారు. కాగితం మీద ఫిట్ అని పడితే విమానం, అన్‌ఫిట్ అని పడితే ఇల్లు. సాంకేతికతతో మనిషిని మనిషికి మించినవాడిగా మలచాలనే ట్రాన్స్‌హ్యూమనిజం గురించి క్రైస్తవులు మాట్లాడేటప్పుడు కథను కాలిఫోర్నియా ప్రయోగశాలల నుంచి ఎత్తుకోవడం అలవాటు. ఈ కాగితం నుంచి ఎత్తుకుంటే ఆ చరిత్ర మరోలా కనిపిస్తుంది. శరీరాన్ని బాగుచేయడంతో క్రైస్తవ విశ్వాసానికి పేచీ లేదు. ఏది బాగు, ఎవరికి బాగు, అది తేల్చేదెవరు అన్న దగ్గరే అసలు తగాదా.

ఈ కల పుట్టింది చర్చి పెరట్లోనే. మానవత్వాన్ని దాటిపోవడాన్ని చెప్పడానికి 14వ శతాబ్దంలో డాంటే ఇటాలియన్‌లో ఒక కొత్త క్రియాపదమే కల్పించుకున్నాడు. అయితే ఆయన కావ్యంలో ఆ దాటడం దేవుని కృప వల్ల జరిగేది, మనిషి సాధించేది కాదు. 19వ శతాబ్దపు మాస్కోలో లైబ్రేరియన్‌గా పనిచేసిన నికొలాయ్ ఫ్యోదొరోవ్ ఆర్థడాక్స్ విశ్వాసి. చనిపోయిన తండ్రులందరినీ విజ్ఞానంతో తిరిగి బతికించడం కొడుకుల బాధ్యత అని వాదించాడు. వింత ఆలోచనే, కానీ అందులో ఒక మర్యాద ఉంది: తాను చిరంజీవి కావాలని కాదు, పోయినవాళ్లు రావాలని కోరాడు. జెసూట్ గురువు టెయార్ ద షార్దాఁ పరిణామమంతా క్రీస్తు వైపు నడుస్తోందని రాస్తే, రోమ్ ఆయన ఉన్నన్నాళ్లూ ఆ పుస్తకాన్ని అచ్చు కానివ్వలేదు. ఆయన పోయిన 1955లో అది వెలువడింది. 1959 ఇంగ్లిష్ అనువాదానికి ముందుమాట రాసింది నాస్తికుడైన జూలియన్ హక్స్‌లీ. ట్రాన్స్‌హ్యూమనిజం అన్న మాటకు 1957 నాటి వ్యాసంతో ప్రచారం తెచ్చిందీ ఆయనే. మేలైన సంతానాన్ని ఎంచి పెంచాలనే యూజెనిక్స్ సిద్ధాంతం కోసం పనిచేసిన బ్రిటన్ యూజెనిక్స్ సొసైటీకి 1959 నుంచి 1962 దాకా అధ్యక్షుడూ ఆయనే. ఆ మాటనూ ఆ పదవినీ విడదీసి చదవడం కుదరదు.

మన వైపు నుంచి చూస్తే ఈ చరిత్రలో ఆసక్తికరమైన మనిషి బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1923లో కేంబ్రిడ్జ్‌లో చదివిన 'డెడలస్' ప్రసంగంలో, బిడ్డలు తల్లి గర్భం బయట పెరిగే రోజులను ఆయన ఊహించాడు. 1957లో భారతదేశానికి వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడు. 1960 ప్రాంతంలో ఆంధ్రలో మేనరికాలపై అధ్యయనం చేసింది ఈ శిష్యుడే, 1995లో 'డెడలస్'ను పునర్విమర్శించే సంకలనానికి సంపాదకుడూ ఆయనే. అంటే ఈ చర్చ తెలుగువాళ్లకు నిన్న మొన్న దిగుమతి అయింది కాదు.

చర్చిలకు చేతులు కడుక్కునే వీలు కూడా లేదు. 1926లో అమెరికన్ యూజెనిక్స్ సొసైటీ ప్రసంగాల పోటీ పెడితే, సాక్షాత్తు పాస్టర్లే పోటీపడి 'మేలైన సంతానం' గురించి వేదికల మీద బోధించారు. 1930లో పదకొండవ పయస్ పోపు ఆ ధోరణిని ఖండించాడు. 1943లో క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ ఇంకా లోతుకు వెళ్లాడు: ప్రకృతిపై మనిషి సాధించే అధికారం చివరికి కొందరు మనుషులకు ఇతరుల మీద దక్కే అధికారంగానే మిగులుతుందన్నాడు. ఫిట్, అన్‌ఫిట్ ముద్ర వేయించుకున్నవాళ్లకు ఈ వాక్యం విడమరచి చెప్పనక్కర్లేదు.

అలాగని శరీరాన్ని ముట్టుకోకూడదన్న భక్తి మన సంప్రదాయంలో లేదు. మిషనరీ డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. 1915 నుంచి డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ కుష్ఠురోగులకు వైద్యం చేసింది. కువైట్‌లోనూ అమెరికన్ మిషన్ ఆసుపత్రి 1967లో మూతపడేదాకా ఊరి జనానికి వైద్యం అందించింది. చిత్తూరు వాళ్లు ఇప్పటికీ పరుగెత్తే వేలూరులో 1940ల చివర పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠుతో గద్దగోళ్లలా వంకరపోయిన వేళ్లకు స్నాయువులు (టెండన్లు) మార్చి కుట్టి, మళ్లీ పట్టు తెప్పించాడు. వేళ్లు పాడవుతున్నది వ్యాధి తినేయడం వల్ల కాదని, నొప్పి తెలియక కాలీ, కోసుకునీ పోతున్నాయని ఆయన తేల్చాడు. తర్వాత అమెరికాలో కృత్రిమ నొప్పి వ్యవస్థనే తయారు చేయబోయాడు. చేతికీ కాలికీ సెన్సార్లు పెట్టి, ఒత్తిడి మించితే మొదట చెవిలో శబ్దం, అది చాలక చంకలో కరెంటు షాకు ఇచ్చేలా అమర్చాడు. అది గెలవలేదు. చేతిలో పని ముగించాలన్న తొందరలో రోగులు దాన్ని ఆపేసేవారు. మనిషికి అందని చోట స్విచ్ ఉంటే తప్ప నొప్పి తన పని చేయదని ఆయనకు అర్థమైంది. బాధనంతా జీవశాస్త్రంతో తుడిచేయాలని 1995లో పిలుపునిచ్చిన డేవిడ్ పియర్స్, మూడేళ్లకు నిక్ బోస్ట్రమ్‌తో కలిసి ప్రపంచ ట్రాన్స్‌హ్యూమనిస్ట్ సంఘం పెట్టాడు. పియర్స్‌కు నా దృష్టిలో సరైన జవాబు వేదాంత గ్రంథాల్లో కన్నా బ్రాండ్ వర్క్‌షాపులోనే దొరుకుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ న్యాయమైనదే. వైద్యానికీ మెరుగుదలకూ మధ్య గీత ఎక్కడ గీస్తారు? టీకా కూడా పుట్టుకతో లేని శక్తినే ఇస్తుంది కదా, కళ్లద్దాల సంగతేమిటి? నిజమే, ఆ గీత నిలవదు. 'దేవుడి పనిలో వేలు పెట్టకూడదు' అనే వాదన అందుకే తేలిపోతుంది. గీతను పరికరం మీద గీయడం మాని, అది మనిషిని ఎవరికి అప్పజెబుతుందో చూడాలి. సువార్తలో తిరిగి లేచిన యేసు శరీరానికి గాయాలు అలాగే ఉన్నాయి, తోమా గుర్తుపట్టింది వాటితోనే. 1994లో నాన్సీ ఐస్లాండ్ వికలాంగుల వేదాంతాన్ని ఈ గాయాల మీదే కట్టింది. క్రైస్తవుల నిరీక్షణలోని మహిమ శరీరం లోపాలు చెరిపేసుకున్న కొత్త మోడల్ కాదు. బతికిన బతుకును మోసుకొచ్చే శరీరం అది.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది: అలసటా, నడుంనొప్పీ గొప్పవని బోధించడం సుఖంగా కూర్చున్నవాళ్లకే చెల్లుతుంది, కూలివాడికి బలం వద్దంటారా? వద్దనను. ఆ బలం వల్ల మిగిలే గంటలు ఎవరికి చెందుతాయని మాత్రం అడుగుతాను. 2016 జులైలో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్లకు రోజుకు 12 గంటల పరిమితి, వారానికో సెలవు ఇచ్చింది. అమలు సంగతి వేరే కథ. ఆ అంకెలన్నీ మనిషి శరీరం ఇంతకన్నా ఓర్చుకోలేదన్న ఒప్పుకోలు మీద నిలిచినవే. ఎండకు తట్టుకునే మందో, నిద్ర తగ్గించే ఇంప్లాంటో వస్తే అవి మొదట కూలివాడికి ఐచ్ఛికంగా దొరుకుతాయి. ఆ తర్వాత మెడికల్ కాగితంలో ఒక గడి అవుతాయి. ఇది ఉత్త భయం అనేవాళ్లు అదే 2015లో వచ్చిన 78వ నంబరు చట్టాన్ని గుర్తు చేసుకోవాలి. ఇక్కడి ఒక మసీదుపై బాంబు దాడి జరిగాక, దేశంలో ఉన్న ప్రతి ఒక్కరి డీఎన్‌ఏ సేకరించాలని తెచ్చిన చట్టమది. 2017 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. ఆ చట్టం కింద పౌరులూ వలసవాళ్లూ ఒకే తాటి మీద ఉన్నారు, చట్టం పౌరుల ఒంటి మీదికీ వచ్చింది కాబట్టి సవాలు చేసేవాళ్లు పుట్టుకొచ్చారు. వీసాకు ముందు జరిగే పరీక్షను సవాలు చేయడానికి అలాంటి పౌరుడెవరూ క్యూలో ఉండడు.