ఊరక చేసిన పని: కోలారు సీమలో బదులు, మేర, కూలి

మనవాడే గదా, కూలి ఇచ్చిన నొచ్చుకొనునేమో యను సంశయము కోలారు సీమలోని మన తెలుగు కుటుంబములలో తరచుగా కలుగునదే. ఇంటిలో నీటి మోటారు చెడును. వీధి చివరనున్న మిత్రుడు పనిముట్ల సంచితో వచ్చి, రెండు గంటలు వంగి కూర్చుండి, దానిని బాగుచేయును. కాఫీ ఇత్తుము. పైకము ఇవ్వబోయిన "అదేమి మాట అన్నా!" యనును. మనము నోట్లను మరల జేబులో ఉంచుకొందుము. ఆ క్షణమున మనస్సునకు కలుగు తేలికతనము స్నేహము వలననా, మిగిలిన పైకము వలననా యని నన్ను నేనే పలుమారులు ప్రశ్నించుకొంటిని. ఈ చిక్కు మన పూర్వులకును ఉండెను. వారు దానిని మనకంటె తెలివిగా విడదీసికొనిరని నా అభిప్రాయము.

పల్లెలలో సమానుల నడుమ నడచినది బదులు. నాట్లకు, కలుపునకు, కోతలకు, ఇల్లు కప్పుటకు ఒకరి యింటివారు మరియొకరికి పోయి పనిచేయుదురు. రోజుకు రోజే చెల్లు. కన్నడిగులు ఇట్లు వచ్చిన మనిషిని ముయ్యాళు అందురు. పెండ్లి చదివింపులకును వారి మాట ముయ్యి, తమిళులది మొయ్. పందిటిలో ఒకడు పుస్తకము తెరచి, ఎవరు ఎంత చదివించిరో బిగ్గరగా చెప్పి వ్రాసికొనును. ఆ పుస్తకము పెట్టెలో భద్రముగా ఉండును; చదివించినవారి యింట పెండ్లి వచ్చినపుడు మరల బయటికి వచ్చును. బంధుప్రేమను లెక్క వ్రాయుటయా యని నేటివారు నవ్వవచ్చును. ఆనాటివారికి అందులో సిగ్గు కనబడలేదు. తల్లీ పిల్లా ఒకటైనా నోరూ కడుపూ వేరు అను సామెత పుట్టినది వారి నోటనే గదా.

అయితే బదులు ఒక్కవిధమైన పనికే చాలును. కలుపునకు కలుపు సరి. వడ్రంగి నాగలి చేసియిచ్చిన, రైతు తిరిగి అతనికి నాగలి చేసియియ్యజాలడు. చేతిపనికి చేతిపని బదులు దొరకదు. అందువలననే మేర యేర్పడినది.

1810లో అచ్చయిన తన దక్షిణదేశ చరిత్రలో మార్క్ విల్క్స్ గ్రామమునకు పండ్రెండుగురు ఆయగాండ్రుండుటను వర్ణించెను. రెడ్డి లేక గౌడ, శానభోగుడు, తలారి, తోటి, నీరుగంటి, పంచాంగి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, కంసాలి. కొన్ని యూళ్ళలో కంసాలిని భరింపలేక ఆ స్థానమున ఒక కవిని ఉంచుకొనుచుండిరట. ఖర్చు తక్కువ, పైగా బడిపిల్లలకు చదువు చెప్పును. సంఘముల సంచికలకు వ్రాయు మావంటివారికి ఇది చదివి గర్వింపవలెనో నవ్వవలెనో తెలియదు. 1800లో ఈ దేశమున పర్యటించిన బుకానన్, కల్లములోని ధాన్యరాశి నుండి దేవునికి మొదలుకొని మంగలి, కుమ్మరుల వరకు ఎవరెవరికి ఎంత కొలుచుదురో వివరముగా వ్రాసికొనెను. రాశి ఇంటికి చేరకముందే వారి పాలు వారికి ముట్టును. వడ్రంగి సంవత్సరమంతయు ఎవరిని చేయి చాచి అడుగనక్కరలేదు. రైతు ఇచ్చితినని చెప్పుకొననక్కరలేదు.

వీరిలో నీరుగంటి సంగతి మన సీమకు ప్రత్యేకముగా తగియున్నది. కోలారు సీమకు జీవనది లేదు; చెరువులే దిక్కు. తూము ఎత్తి, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో చూచువాడు నీరుగంటి. మడులలో అతని బావమరిది మడి ఉండును, స్నేహితుని మడి ఉండును, మాటలు లేనివాని మడియు ఉండును. నీరు పారిన ప్రతిసారియు ఎవరికి వారు అతనికి ముట్టజెప్పినచో నీరు ఎటు పారునో ఊహింపవచ్చును. కనుక అతని మేర ఆయకట్టుదారులందరి పంట నుండి వచ్చును. స్నేహితుని వద్దను కొలత అదే, పగవాని వద్దను కొలత అదే.

చెరువు త్రవ్విన వడ్డెలది వేరు పద్ధతి. వారు ఊరివారు కారు. ఊరూర తిరుగుచు మట్టిపని చేయు తెలుగువారు. త్రవ్విన చోట నడుమ ఒక మట్టిదిమ్మెను త్రవ్వక విడుతురు. ఆ దిమ్మె యెత్తు చూచి గుంత లోతు కొలిచి కూలి ఇత్తురు. మొగమాటము లేనిచోట మట్టియే సాక్ష్యము.

మేర అంతయు ధర్మమేయని నేను చెప్పను. తోటికిని తలారికిని ధాన్యము కొలిచిన చేతులే వారిచేత వేళాపాళ లేని వెట్టియు చేయించుకొనెను. కాదనుటకు వీలులేనివానిని "మనవాడే" యనుట ఎంత సులభము! 1961 నాటి మైసూరు చట్టము వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దుచేసినది. ఇక కైవార నారాయణ తాత (1726–1836) గాజుల మలారము మోసిన దినములలో లాభము చూచుకొనలేదని ఈ సీమలో భక్తితో చెప్పుకొందురు. ఆ గాజులు చేసినవానికి వెల ఎవరిచ్చిరో మాత్రము కథకులు చెప్పరు.

బంగారము ఈ లెక్కలన్నిటిని మార్చినది. 1802లో సరిహద్దు కొలుచుటకు వచ్చిన జాన్ వారెన్, బంగారము చూపినవారికి బహుమాన మిత్తునని ప్రకటింపగా, ఉరిగాం గ్రామస్థులు బండ్లతో మన్ను తెచ్చి అతని యెదుటనే కడిగి చూపిరి. మన్ను కడిగి పసిడిరవ్వ తీయుట వారికి తరతరముల విద్య. 1873లో లావెల్, 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన పిదప ఆ విద్య యంత్రముల పాలయ్యెను. చిత్తూరు సీమ నుండియు, తమిళ జిల్లాల నుండియు జనులు కదలివచ్చిరి. రాగుల బళ్ళకు బదులు జీతపు దినమున రూకలు చేతబడెను. మేర లేదు, బదులు లేదు. ఉన్నది కూలి ఒక్కటే. అయినను ఆ రూకలతోనే బిడ్డలు చదువుకొనిరి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడెను. గనిలో యంత్రములు బిగించిన చేతులు ఖాళీ అయ్యెను. నాటినుండి వేలమంది మారికుప్పం నుండి రైలెక్కి బెంగుళూరికి పోయి, రాత్రికి తిరిగి వచ్చుచు బ్రతుకు సాగించిరి. జీతము పోయినవానికి మిగిలిన ఆస్తి చేతిలోని విద్య యొక్కటే. దానినే మనము స్నేహము పేర ఊరక అడుగుదుము.

మొదట చెప్పిన మోటారు మా యింటిదే. మిత్రుడు గని ఫిట్టరు. తన మనుమరాలి బడి రుసుమునకు అతడు అప్పు చేసెనని ఆ వారమే మరియొకరి వలన వింటిని. మా తండ్రి వడ్రంగికి మేరతోపాటు తాంబూలములో పైకము పెట్టి ఇచ్చుట నాకు జ్ఞాపకము వచ్చెను. బజారులో అట్టి పనికి ఎంత అడుగుదురో విచారించి, ఆ మొత్తము తమలపాకుల క్రింద నుంచి, పళ్ళెముతో అతని యింటికి పోతిని. అతడు ఆకులెత్తి చూచి, కొంతసేపు మాటాడలేదు. పిదప నోట్లు లెక్కపెట్టి, ఇరువది రూపాయలు నా చేత పెట్టి, "తీగ మీదే గదా అన్నా, దాని వెల కూడ కలిపినారు" అనెను.