కామాఠిపురము: కూలివారి వాడ, దాని పేరు, ఒక శిలాఫలకము

మా పదునైదు గల్లీలను పడగొట్టి వాని స్థానమున ఆకాశహర్మ్యములు కట్టింప ప్రభుత్వము నిశ్చయించిన నాటినుండి ముంబయిలోని కామాఠిపురమున రెండు తగవులు నడచుచున్నవి. ఎవరికెంత స్థలము దక్కుననునది మొదటిది. అది నోటీసులలోను, సభలలోను, వకీళ్ళ గదులలోను నడచునది గనుక అందరెరిగినదే. రెండవది వరుస గదుల కట్టడములైన చాల్‌ల మెట్లమీదను, చాయ దుకాణముల ముందరను, పెండ్లి సంబంధములు మాటాడుకొను ఇండ్లలోను నడచుచున్నది. పాత కట్టడములతో పాటు పాత పేరునుగూడ తీసివేయవలెనని కొందరు, ఉంచితీరవలెనని కొందరు. పేరు మార్చుడనువారి బాధ నాకు తెలియనిది కాదు. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టు బిడ్డ తన చిరునామా వ్రాయవలసిన చోట ముంబయి సెంట్రల్ అనియో నాగపాడా అనియో వ్రాసి ఊరకుండుట, సంబంధము చూడ వచ్చినవారు వేశ్యావాటికగా పేరుపడిన ఈ గల్లీల పేరు వినగానే ముఖము చిట్లించుట మా వాడలో అనుభవింపని యిల్లు లేదు. అయినను ఆ పేరు మన పెద్దల కష్టమువలన వచ్చినదనియు, దానిని మలినపరచినవారు వేరనియు, చేయని తప్పునకు మన పేరును మనమే చెరిపివేసికొనుట అన్యాయమనియు నా దృఢమైన అభిప్రాయము. దానికి ఆధారములు ఈ వ్యాసమున చూపదలచితిని.

మొదట నేల సంగతి చెప్పవలెను, ఏలయన ఈ నేల మనుష్యుల చేతులు చేసినది. పూర్వము మహాలక్ష్మికిని వర్లీకిని నడుమనుండిన గండిగుండ సముద్రము పోటు వచ్చినప్పుడెల్ల లోనికి చొచ్చి, ద్వీపమధ్యమందలి పల్లపు భూములనెల్ల ముంచివేయుచుండెడిది. విలియం హార్న్‌బీ గవర్నరుగా నుండిన కాలమున ఆ గండికి అడ్డకట్ట వేయ నారంభించి, 1784 ప్రాంతమున పూర్తిచేసిరి. కట్ట నిలిచిన పిదపను ఆ పల్లము ఒక్కనాటిలో ఊరు కాలేదు. చిత్తడి ఆరవలెను, మట్టి పోయవలెను, బాటలు వేయవలెను. కోటలోపల ఇండ్లును కొట్లును గలవారు ఆ బురదలోనికి వచ్చి కాపురముండుటకు ఇచ్చగింతురా? అట్టి చోట గుడిసె వేసికొనువాడు మట్టిపని చేయువాడే. మా వాడ పుట్టుక అదియే.

మా ఉత్తరపు సరిహద్దైన బెలాసిస్ రోడ్డు, అనగా నేటి జహంగీర్ బొమన్ బెహ్రామ్ మార్గము, ఆ తొలి బాటలలో నొకటి. దానిని గూర్చిన శిలాఫలకము నొకదానిని శామ్యూల్ షెపర్డ్ దొర 1917లో వెలువరించిన బొంబాయి వీధుల పేర్ల గ్రంథమున పేర్కొనియున్నాడు. ఇంత పెద్ద నగరమున నాకు దానికంటె ప్రియమైన శాసనము వేరొకటి లేదు. 1793వ సంవత్సరపు కరవున సూరతు నగరమునుండి తరుమబడి వచ్చిన బీదలు ఆ బాటను వేసిరనియు, అందులకైన వ్యయము ప్రజల చందాలవలన సమకూడెననియు, ఎవని యుత్తరువున అది నిర్మింపబడెనో ఆ మేజర్ జనరల్ బెలాసిస్ పేరు దానికి పెట్టిరనియు అందలి తాత్పర్యము. ఆ వరుసను చదువరులు గమనింపవలెను. ముందు పనివారు, తరువాత ధనము, కట్టకడపట అధికారి. ఈ నగరమున శంకుస్థాపన ఫలకములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానియందు గవర్నరులు, నగరాధ్యక్షులు, శిల్పులు, దాతలు కనబడుదురు. రాయి మోసినవాడు కనబడడు. ఈ యొక్క ఫలకమునందు మాత్రము వాడు మొదటి మాటలలోనే యున్నాడు.

ఈ శాసనమునుబట్టి మా వాడలో రెండు వాదములు పుట్టినవి, నా దృష్టిలో రెండును నిలువవు. ఫలకమునందలి బీదలు తెలంగాణమునుండి వచ్చిన మన కామాఠీ కూలివారేయని మా పెద్దలలో కొందరు అభిమానముచే చెప్పుచుందురు. సూరతు అని స్పష్టముగా చెక్కియుండగా దానిని తెలంగాణముగా చదువుట ఎట్లు పొసగును? పరుల కష్టమును మన ఖాతాలో వ్రాసికొనుట మనకు తగదు, మన కష్టమును పరులు వ్రాసికొనినారని మొరపెట్టుకొను మనకు అసలే తగదు. రెండవ వాదమువారు అంతకంటె కఠినులు. బాట వేసినది సూరతువారే గనుక కామాఠీలు శతాబ్దము గడచిన తరువాత, విక్టోరియా టెర్మినస్ కట్టు నాటికి గాని ఇచ్చటికి రాలేదని వారందురు. ఇది అంతకన్న పెద్ద పొరపాటు. 1795 ప్రాంతమునుండియే నిజాము రాజ్యపు కామాఠీలు ఈ పల్లమున కాపురములేర్పరచుకొనిరని చరిత్రలు వ్రాసినవారు చెప్పుచున్నారు. ఆ కాలమును, ఫలకముమీది కాలమును పక్కపక్కన పెట్టి చూచినచో నాకొక విషయము తోచుచున్నది. 1791, 1792 సంవత్సరములలో వచ్చి పుర్రెల కరవని పేరుపడిన ఆ ఘోర క్షామము గుజరాతుతో ఆగినది కాదు. హైదరాబాదు రాజ్యమును, దక్కనునంతటిని మాడ్చివేసినది. సూరతు బీదలను బొంబాయికి తరిమిన ఆకలియే మన పెద్దలను సైతము పడమటికి తరిమియుండునని నేను విశ్వసించుచున్నాను. ఇది నా యూహ. అయినను నిరాధారమైన యూహ కాదు. ఫలకము మనవారిని పేర్కొనకపోయినను, అది మన జ్ఞాతులను గూర్చిన శాసనమే.

నేడును మహబూబ్‌నగరమునుండి మేస్త్రీల వెంబడి ముఠాలుగా వలసపోవు కూలివారిని పాలమూరు లేబరని దేశమంతయు ఎరుగును. వారికి ముందు తరములవారే మా కామాఠీలు. పునాది త్రవ్వుట, సున్నము కలుపుట, రాయి మోయుట వారి వృత్తి. స్టీవెన్స్ దొర రూపొందించిన విక్టోరియా టెర్మినస్ 1888లోను, నగరపాలక సంస్థ భవనము 1893లోను ముగిసినవి. ఆ గోడలకు మా ముత్తవ్వలు తట్టలు మోసిరని మా యిండ్లలో చెప్పుకొనని వారు లేరు. ఏ ముత్తవ్వ ఏ గోడకు మోసెనో చూపుటకు కాగితము లేదని చదువుకొనిన మిత్రులు కొందరు నవ్వుదురు. కూలివాని పేరు కాగితమున కెక్కించు నాచారము ఆ కాలమున నుండినదా అని వారిని నేను తిరిగి అడుగుచున్నాను.

కామాఠీలు మట్టి మోయుట తప్ప వేరెరుగరని తలచువారికి మరియొక సంగతి చెప్పవలసియున్నది. 1873లో పూనాయందు జోతీరావు ఫూలే సత్యశోధక సమాజమును స్థాపించినప్పుడు, బొంబాయిలో దానిని నిలువబెట్టినవారిలో తెలుగువారు ముఖ్యులు. వ్యంకు బాళాజీ కాళేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు మొదలగువారి పేర్లు ఆ యుద్యమ చరిత్రమున నిలిచియున్నవి. బడుగుల చదువునకై పాటుపడిన ఆ మహాత్ముని వెంట, ధనమిచ్చియు శ్రమించియు నడచినవారు మన భాష మాటాడినవారని మన పాఠ్యపుస్తకములలో ఒక్క పంక్తి యైనను ఉన్నదా? తెలంగాణమున చెప్పరు, వారు వలసపోయినవారు గనుక. మహారాష్ట్రమున పేర్లు చెప్పుదురే గాని తెలుగువారని నొక్కి చెప్పరు. నడుమ మేము మిగిలితిమి.

ఇక మా పేరునకు అంటిన మచ్చ సంగతి. కామాఠిపురమనిన వేశ్యావాటిక యనియు, అది ఆదినుండియు అట్టిదేయనియు లోకము నమ్ముచున్నది. 1864లో జరిగిన బొంబాయి జనగణనను చూడుడు. వేశ్యావృత్తిలో నుండిన స్త్రీలు ఉమర్‌ఖాడీయందు 1,583 మంది, ఫణస్‌వాడీయందు 1,323 మంది, గిర్గాములో 1,044 మంది, కామాఠిపురమున 601 మంది. గిర్గామును, ఫణస్‌వాడీని నేడు ఆ పేరుతో పిలుచువారున్నారా? వారి లెక్క కాలక్రమమున తరిగినది, మా లెక్క పెరిగినది. అది మా కోరికవలన జరిగినది కాదు. నగరపు పెద్ద వీధులలో ఆ వ్యాపారము కంటబడరాదని అధికారులు తలచి, కూలివారు కాపురముండు మా గల్లీలయందు మాత్రము చూచి చూడనట్లుండుటవలన జరిగినది. ఐరోపా స్త్రీలనుగూడ మా పక్కనున్న శుక్లాజీ వీధిని చేర్చి, ఆ చోటికి సఫేద్ గల్లీ యను పేరు తెచ్చిరి. పోలీసు పాలనయే ఈ వాటికను ఇచ్చట గట్టిపరచినదని అశ్వినీ తాంబే 2009లో ప్రకటించిన గ్రంథమున సహేతుకముగా నిరూపించినది. ఆమెకు మా వాడ ఋణపడియున్నది.

ఎడ్వర్డ్స్ దొర రచనలను మాత్రము నేను అంత గౌరవముతో చదువజాలను. నగరపు గెజెటీరును కూర్చినవాడాయనే. 1909 మొదలు 1916 వరకు బొంబాయి పోలీసు కమిషనరుగా నుండినవాడును ఆయనే. కామాఠీలవలన ఈ పేరు వచ్చెనని గెజెటీరు ఒప్పుకొన్నది, అంతవరకు మేలు. కాని పోలీసువాడు ఒక వాడను చూచునప్పుడు రాత్రివేళ దీపము వెలుగు వాకిళ్ళే అతనికి కనబడును గాని, తెల్లవారుజామున తట్టయు పారయు పట్టుకొని కూలిపనికై నిలుచు నాకాకు పోవు మనుష్యులు కనబడరు. ఆయన తరువాత వ్రాసినవారనేకులు ఆ కన్నులతోనే చూచిరి. ఈ వాడ బ్రతుకును లోపలినుండి ఎరిగిన కవి నామ్‌దేవ్ ఢసాళ్. ఆయన 1972లో వెలువరించిన కవితాసంపుటియైన గోల్‌పీఠాను గూర్చి నాకు ఆక్షేపణ లేదు. ఇటీవలి హిందీ చలనచిత్ర మొకటి మా వాడను పట్టుచీరలతోను పాటలతోను నింపి చూపినప్పుడు మావారు నొచ్చుకొనిన మాట నిజము, న్యాయస్థానమువరకు పోయిన మాటయు నిజము.

అయితే ఒకటి స్పష్టముగా చెప్పవలెను. పేరు నిలుపుకొనవలెనను ఆరాటమున ఆ స్త్రీలను నిందించుట నాకు సమ్మతము కాదు. వారును కరవునకు, అప్పునకు, మోసమునకు చిక్కి నేపాలమునుండియు, బెంగాలునుండియు, కర్ణాటకమునుండియు, మన తెలుగు జిల్లాలనుండియు వచ్చిపడినవారే. మా యింటి కొళాయి ఎండినప్పుడు వారి కొళాయి, వారి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మా అవ్వలు. ఇట్లే గడచినది. ఇప్పుడు వారి సంఖ్య మిక్కిలి తగ్గినది. వారుండిన గదులలో సంచులు కుట్టువారు, జరీపని వారు, ఉత్తరదేశమునుండి వచ్చిన కుర్రవాండ్రు పనిచేసి అచ్చటనే నిద్రించుచున్నారు.

భవనములు శిథిలమైనవను మాట కాదనలేము. 1947 నాటి అద్దె నియంత్రణ చట్టమువలన అద్దెలు పాత మెట్టునందే నిలిచిపోయినవి. యజమానులు మరమ్మతు మానిరి. పగడీ యను ముందస్తు మొత్తమిచ్చి చేరినవారు గది విడువలేకపోయిరి. సెస్సు వసూలు చేసి మరమ్మతు చేయ నేర్పడిన బోర్డు గోడలకు కర్రలు ఆనించి కాలము గడపినది. నాలుగు తరములవారు పది అడుగుల గదిలో వంతులవారీగా నిద్రించిన వాడయిది. ఇప్పుడు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థయైన మ్హాడా ఆధ్వర్యమున గల్లీలన్నిటిని కలిపి ఒక్క పథకముగా కట్టెదమనియు, అర్హులైన ప్రతి అద్దెదారునకు 500 చదరపు అడుగుల ఇల్లిచ్చెదమనియు చెప్పుచున్నారు. దానిని నేను మనసార స్వాగతించుచున్నాను. మరుగుదొడ్డి వెలుపల వరుసలో నిలువని బ్రతుకు మా ఆడపడుచులకు ఎన్నడో రావలసినది. పాత గోడల అందమును గూర్చి దూరమునుండి వ్రాయువారు ఒక్క వానకాలము మా మూడవ అంతస్తున ఉండి వ్రాయవలెను.

నా పోరాటము అర్హులను మాటతో. అద్దె రసీదు గలవాడు అర్హుడు. అతని క్రింద నెలకింతయని ఇచ్చి మంచము వేసికొనిన కూలివాడు, అటకమీద కుట్టుపని చేయువాడు, ఎవరి పేరను రసీదు లేని గదిలో ముప్పదియేండ్లు గడపిన ముసలి స్త్రీ ఏ జాబితాలోను లేరు. పదిరోజుల పనికై ఊరినుండి వచ్చి మేనమామ గదిలో దిగు పాలమూరు పిల్లవానికి ఇకపై ఇచ్చట చోటు దొరకునా? ఎత్తైన భవనములలో నెలనెలా చెల్లింపవలసిన నిర్వహణ వ్యయము పగడీ అద్దెకు ఎన్నో రెట్లుండును. దానిని భరింపలేక ఇల్లమ్ముకొని దూరపు శివారులకు పోయినవారిని గిర్‌ణగావ్ మిల్లుల వాడలలో చూచియే యున్నాము. వాడ బాగుపడుటయు, వాడవారు బాగుపడుటయు ఒకటి కావలెనన్నచో ఆ వ్యయమునకు మూలధనమును ముందుగానే వేరుపరుపవలెను.

పేరును గూర్చి మా సంఘములవారికి నా మనవి యిది. కొత్త పటమునందు కామాఠిపురమను పేరు మారరాదు. గల్లీల సంఖ్యలు ఒకటినుండి పదునైదువరకు కొత్త బాటలకును ఉండవలెను. తూర్పున డంకన్ రోడ్డు మౌలానా ఆజాద్ మార్గమైనది, పడమట ఫోరాస్ రోడ్డు నిమ్కర్ మార్గమైనది, ఫాక్లాండ్ రోడ్డు పఠ్ఠే బాపూరావు మార్గమైనది. దొరల పేర్లు పోయిన వాని స్థానమున మనవారివి వచ్చుట న్యాయమే. కామాఠిపురము దొర పేరు కాదు. మొట్టమొదటి భవనమునకు పునాది వేయునాడు మంత్రులు ఫలకము ఆవిష్కరింతురు గదా, ఆ ఫలకము మరాఠీ, తెలుగు, హిందీ, ఉర్దూ లిపులలో చెక్కింపబడవలెను. దానిమీద పల్లము పూడ్చిన కామాఠీలు, బాట వేసిన సూరతు బీదలు ముందును, పథకపు వ్యయము తరువాతను, ఆవిష్కరించిన మంత్రివర్యుల పేరు చివరను ఉండవలెను. ఇందులకు సంతకములు సేకరించుచున్నాము. రసీదు లేనివారును చేయవచ్చును.