పేరు లేని అల్లిక



"హుజూర్‌నగర్ ఎండల్లో ఊలు అల్లికేమిటమ్మా, చోద్యం కాకపోతే!" అని మీరు నవ్వుకోవచ్చు. నిజమే. మాది సున్నపురాయి నేల. స్వెట్టరు వేసుకోవలసిన రోజులు ఏడాదిలో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అయినా మా ఊళ్ళోనూ ఒకప్పుడు చాలా ఇళ్ళలో రేడియో మీద ఒక లేసుగుడ్డ ఉండేది. మా అత్తమ్మ అల్లిన అలాంటి గుడ్డ ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. నడుమ ఒక పెద్ద పువ్వు, చుట్టూ ఎనిమిది చిన్న పూలు. మొన్న మా మనవరాలు దాన్ని చేతిలోకి తీసుకుని, "నాయనమ్మా, ఇదెవరు అల్లారు?" అని అడిగింది. చెప్పాను. "ఎవరి దగ్గర నేర్చుకుందట? ఎప్పుడు అల్లిందట?" అంది. నాకు తెలియలేదు. అత్తమ్మతో ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేసి, ఆ ఒక్క మాట ఎన్నడూ అడగలేదు చూశారూ! ఆ సిగ్గుతోనే ఈవేళ అల్లికను గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని వచ్చాను.

మొదట ఒక సందేహం తీర్చుకుందాం. అల్లిక చలిదేశాల పని అనుకుంటాం కదా? ఇప్పటికి దొరికిన పాత సూది అల్లికల్లో పేరుపడ్డవి ఈజిప్టు మేజోళ్ళు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ నాటివి. ఎండ మండిపోయే దేశం, అల్లినది పత్తి నూలుతో, రంగులు మన నీలిమందు నీలమూ తెలుపూను! కనుక ఎండకూ అల్లికకూ విరోధమేమీ లేదు. రెండు సూదులతో అల్లేది ఒకటి, కొక్కెం సూదితో అల్లే క్రోషియా మరొకటి. రెండూ ఒకే దారాన్ని ముడి వెంట ముడిగా నడిపించే విద్యలే.

తెలుగునాట కొక్కెం సూది కథ గోదావరి ప్రాంతంలో మొదలైంది. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకు లేసు పని నేర్పారని చెబుతారు. అది నరసాపురం, పాలకొల్లు చుట్టుపట్ల ఊళ్ళకు పాకింది. ఘోషా పాటించే ఇళ్ళలో స్త్రీలు పొలం పనికి పోవడం పరువు తక్కువ. గడప దాటకుండా చేసే పని గనుక ఇది వాళ్ళకు కుదిరింది. వ్యాపారి తరఫు మనిషి దారపు ఉండలు ఇచ్చిపోతాడు, అల్లినవి పట్టుకుపోతాడు. ఒకామె పువ్వులే అల్లుతుంది. ఇంకొకామె వాటిని కలిపి అతుకుపని చేస్తుంది. పువ్వు అల్లిన ఆమెకు పూర్తయిన బల్లగుడ్డను కళ్ళారా చూసే యోగం తక్కువే. ఆ గుడ్డ మాత్రం సముద్రాలు దాటి ఐరోపాకు, ఆస్ట్రేలియాకు, అమెరికాకు పోయేది. అల్లిక ప్రయాణం చేసింది, అల్లిన మనిషి ఇంట్లోనే ఉండిపోయింది.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రజ్ఞురాలు మారియా మీస్ 1970ల చివర్లో అక్కడికి వచ్చి, ఆ స్త్రీల మధ్య తిరిగి, 1982లో నరసాపురం లేసు పనివారిపై ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. అప్పటికి లక్షమందికి మించిన స్త్రీలు ఆ పనిలో ఉన్నారు. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరేడు గంటలు అల్లేవారు. వచ్చే కూలి వ్యవసాయ కూలికంటే కూడా బాగా తక్కువ. ఇదెలా సాగింది? ఆమె చెప్పిన కారణం మనం గుర్తుపెట్టుకోదగినది. "వాళ్ళు గృహిణులు, తీరిక వేళ ఏదో అల్లుకుంటారు" అని అందరూ అనుకున్నారు. ఆ ఒక్క మాటతో అది పని కాకుండా పోయింది, వాళ్ళు కార్మికులు కాకుండా పోయారు. విచారమేమిటంటే, ఆ స్త్రీలలో చాలామంది తామూ అలాగే అనుకున్నారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు నిలిచింది, సంతోషమే. అల్లిన వేళ్ళ పేర్లు మాత్రం మనకు తెలియవు.

మరి అల్లికనే నమ్ముకుని తన పేరుతో నిలబడిన ఆడది లేదా అంటే, ఉంది. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1910లో ఇంగ్లండులో పుట్టారు. స్విట్జర్లండులోనూ మ్యూనిక్‌లోనూ చిత్రకళ చదువుకున్నారు. జర్మన్ యువకుణ్ణి పెళ్ళాడారు. అవి హిట్లరు రోజులు. అక్కడ ఉండలేక దేశం విడిచి 1937లో దంపతులిద్దరూ అమెరికా చేరారు. ముగ్గురు పిల్లలు, వంట, ఇల్లు, అన్నీ మనలాగే. చేతిలో మాత్రం ఎప్పుడూ సూదులు. ఆమె స్వెట్టరును గుండ్రంగా, అతుకు లేకుండా అల్లేవారు. ఆ పద్ధతి రాసి ఒక పత్రికకు పంపితే, వాళ్ళు దాన్ని ముక్కలు ముక్కలుగా అల్లి కుట్టుకోండని మార్చి అచ్చువేశారు! మనమైతే ఏం చేస్తాం? నాలుగు రోజులు బాధపడి ఊరుకుంటాం. ఆమె 1958లో తన సొంత వార్తాలేఖ మొదలుపెట్టారు. తర్వాత టెలివిజన్‌లో పాఠాలు చెప్పారు. 1971లో "కన్నీళ్ళు లేని అల్లిక" అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాశారు. 1999లో కన్నుమూశారు.

ఆమె లెక్క ఒకటి చెబుతాను, అల్లేవాళ్ళు రాసుకోండి. ఒంటి చుట్టూ ఎన్ని కుట్లు పడతాయో అది నూరు పాళ్ళు. మణికట్టు దగ్గర ఇరవై పాళ్ళు, మెడకు నలభై పాళ్ళు. అంటే ఒంటికి 200 కుట్లయితే మణికట్టుకు 40, మెడకు 80. ఎంత లావు ఊలైనా, ఎవరి కొలతైనా ఇదే లెక్క. పుస్తకంలో బొమ్మ చూసి గుడ్డిగా అల్లనవసరం లేదు, మీ అల్లికకు మీరే యజమాని అని ఆమె ఉద్దేశం.

ఇక అల్లిక ఇల్లు దాటి వీధిన పడిన వైనం వినండి. గోడల మీద అనుమతి లేకుండా రంగులతో రాసే రాతలను గ్రాఫిటీ అంటారు. 2005లో అమెరికాలోని హ్యూస్టన్‌లో చిన్న దుకాణం నడిపే మాగ్దా సాయెగ్, తన దుకాణం తలుపు పిడికి గులాబీ, నీలం రంగుల ఊలుతో చిన్న తొడుగు అల్లి తొడిగారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు, నవ్వారు. తర్వాత వీధి గుర్తు స్తంభానికి తొడిగారు. 2008లో మెక్సికో నగరంలో ఏకంగా ఒక బస్సుకే తొడిగారు! ఆమె చూపిన ఊలు గ్రాఫిటీ దేశదేశాలకూ పాకింది. దానిమీద పుస్తకాలొచ్చాయి. 2011 నుంచి జూన్ 11న అందుకొక దినం కూడా జరుపుకున్నారు.

"స్తంభానికి చలేస్తుందా? అదేదో చలికి వణికే పసిపిల్లకు తొడగరాదూ?" అంటారా? నాకూ మొదట అదే అనిపించింది. పైగా తడిసిన ఊలు చెట్టుకు చుట్టి వదిలేస్తే చెట్టుకూ మంచిది కాదు, కొన్నాళ్ళకు విప్పేయాలి. కానీ కోపన్‌హేగన్‌లో జరిగినది విన్నాక ఆలోచనలో పడ్డాను. ఇరాక్ యుద్ధంలో తమ దేశం చేరడం నచ్చని మరియాన్నె యోర్గెన్‌సెన్ అనే డేనిష్ కళాకారిణి, 2006 ఏప్రిల్‌లో ఒక యుద్ధ ట్యాంకుకు గులాబీ రంగు ముసుగు తొడిగించారు. జానెడు కూడా లేని చదరపు ముక్కలు, పదిహేను సెంటీమీటర్లవి, నాలుగు వేలకు పైగా! ఎన్నో దేశాల నుంచి ఎందరో అల్లి పంపారు. ఫిరంగి గొట్టానికి కూడా ఊలు తొడిగారు. తీరిక వేళ పని అని తీసిపారేసిన అల్లికే అక్కడ నలుగురిలో నోరు విప్పి మాట్లాడింది.

మళ్ళీ మన జిల్లాకు వద్దాం. పాత నల్లగొండ జిల్లా పోచంపల్లి చీరలకు పెట్టింది పేరు. మగ్గమెక్కకముందు ఆ చీర నూలును ఆసు పోయాలి. మేకుల చుట్టూ చేతిని అటూ ఇటూ, ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేలసార్లు తిప్పాలి. ఆ పని ఆడవాళ్ళది. భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి, 1999లో ఆసు పోసే యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాకు అన్నిటికంటే నచ్చినదేమిటంటే, ఆ యంత్రం పేరు "లక్ష్మీ ఆసు యంత్రం". నూలు పట్టిన ఒక తల్లి పేరు దానిమీద నిలిచింది.

అమ్మలారా, మనం ఊళ్ళు తిరగనక్కరలేదు, బస్సుకు ఊలు తొడగనక్కరలేదు. మీరు అల్లినదాని మూల చిన్న అక్షరాలతో మీ పేరూ, సంవత్సరమూ కుట్టండి. మీకొచ్చిన అల్లికను మీ మాటల్లో ఒక నోటుబుక్కులో రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, ఈ సాయంత్రమే దగ్గర కూర్చుని "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని అడగండి. నాలాగా ఆలస్యం చేయకండి.

మా అత్తమ్మ లేసు వెనుక నేనొక చిన్న గుడ్డముక్క కుట్టాను. దానిమీద ఆమె పేరు రాశాను, ఊరు హుజూర్‌నగర్ అని రాశాను. సంవత్సరం ఉండవలసిన చోటు ఖాళీగానే ఉంది.