కౌంట్ పడిపోయినప్పుడు

హైదరాబాద్‌లో బహదూర్‌పురా నుంచి మూసీ దాటి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లే కుటుంబాలకు ‘కౌంట్ పడిపోయింది’ అన్న మాట కొత్త కాదు. కీమోథెరపీ కణితితోపాటు ఎముక మజ్జనూ దెబ్బతీస్తుంది. సూక్ష్మజీవుల మీదికి ముందుగా వెళ్లే తెల్లకణాలు న్యూట్రోఫిల్స్. ఇవి మజ్జలో రోజుకు దాదాపు పదివేల కోట్లు పుట్టాలి. ఆ పుట్టుక మందగించి రక్తంలో వాటి సంఖ్య, అంటే ‘కౌంట్’, పడిపోతే మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు చర్మం కింద ఇచ్చే ఫిల్గ్రాస్టిమ్, మన ఒంట్లోనే ఉండే జి.సి.ఎస్.ఎఫ్. అనే సైటోకైన్‌కు (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్‌కు) ప్రతిరూపం.

దీని కథ 1960లలో మొదలైంది. 1965లో ఇజ్రాయెల్‌లో ప్లుజ్నిక్, శాక్స్, 1966లో మెల్‌బోర్న్‌లో బ్రాడ్లీ, మెట్‌కాఫ్ అనే శాస్త్రవేత్తలు రక్తాన్ని పుట్టించే కణాలను అగర్ అనే జెల్లీలో పెంచారు. ఇతర కణాల తోడుంటేనే అవి గుంపులు కట్టేవి. అంటే ఆ తోడుకణాలు ఏదో ఉత్పత్తి చేస్తున్నాయన్నమాట. అది దొరకడానికి సుమారు ఇరవై ఏళ్లు పట్టింది. ఎందుకంటే అది అతి స్వల్ప పరిమాణంలో ఉంటుంది, పైగా అలాంటి కారకాలు ఒకటి కాదు, నాలుగు. ఫలితం కనుచూపుమేరలో లేకపోయినా మెట్‌కాఫ్ దాన్ని వదల్లేదు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ పట్టుదలే.

1983లో మెల్‌బోర్న్‌లో నికోలా బృందం ఎలుకల జి.సి.ఎస్.ఎఫ్.ను, 1985లో వెల్టె బృందం మానవ రూపాన్ని శుద్ధి చేశాయి. 1986లో జపాన్‌లో నగాటా, అమెరికాలో సౌజా బృందాలు దాని జన్యువును పట్టుకున్నాయి. మజ్జలోని పూర్వకణాల మీద ఉండే గ్రాహకానికి జి.సి.ఎస్.ఎఫ్. తగులుకుంటే ఆ కణాలు విభజన చెంది, త్వరగా పరిపక్వమై, రక్తంలోకి వస్తాయి. 1994లో ఈ జన్యువు లేని ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ దాదాపు పావువంతుకు తగ్గాయి, పూర్తిగా పోలేదు. న్యూట్రోఫిల్స్ ఉత్పత్తి ఒక్క కారకం మీదే ఆధారపడి లేదని అలా తేలింది.

1991లో అమెరికా ఫిల్గ్రాస్టిమ్‌కు అనుమతినిచ్చింది. జన్యు సాంకేతికతతో మందులు తయారుచేయడంలో మన నగరమూ వెనకబడలేదు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో జన్యు సాంకేతికతతో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. 2001లో ఇక్కడి డాక్టర్ రెడ్డీస్ తన సొంత ఫిల్గ్రాస్టిమ్‌ను విడుదల చేసింది. ఇలా అసలు మందును పోలి తయారయ్యే జీవ ఔషధాల (బయోసిమిలర్ల) కోసం మన దేశం ప్రత్యేక మార్గదర్శకాలు రూపొందించింది 2012లో. ఫిల్గ్రాస్టిమ్ బయోసిమిలర్‌కు యూరప్ 2008లో, అమెరికా 2015లో తలుపు తీశాయి. నగరం ఎంత ముందు నడిచిందో ఈ తేదీలే చెబుతున్నాయి. నియంత్రణ ఎంత వెనకబడిందో కూడా అవే చెబుతున్నాయి, దాన్నీ మన చరిత్రకారులు రాయాలి.